ఆకాశంలో కూలి బేరం

(ఉగాదినాటి సాయంకాలం తిరుత్తణిలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగానికి పాఠం)



పొద్దున పంచాంగ శ్రవణం జరిగింది. శాస్త్రులవారు ఒక్కొక్క రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చదువుతూ ఉంటే అందరమూ వేళ్ళు మడిచి లెక్క చూసుకొన్నాము. నా రాశికి ఆదాయంకంటె వ్యయమే ఎక్కువ. అది నాకు కొత్త కాదు. సంవత్సరం పేరు పరాభవ అని విని పిల్లలు కొందరు చిన్నబుచ్చుకొన్నారు. అరవై ఏళ్ళకొకసారి తప్పక వచ్చే పేరే అది. 1966లో కూడ వచ్చింది, మాబోటివాళ్ళం దాటి వచ్చాము గదా!

కార్యదర్శిగారు నన్ను మాతృభాషను గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో పదిమంది ఉన్నారు. నేను అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో లెక్కల గుమాస్తాగా పనిచేసి, అందులో పదకొండేళ్ళు కార్మిక సంఘం తరఫున జీతాల ఒప్పందాలకు కూర్చున్నవాణ్ణి. నాకు వచ్చిన విద్య ఒక్కటే, జీతం కాగితం చదవడం. అంచేత జీతాల సంగతే చెబుతాను. అయితే మన జీతాలు కాదు, చిన్న విమానాలు నడిపేవారి జీతాలు.

నవ్వకండి. ఈ సంగతి మా ఇంటికి టెలిఫోనులో వచ్చింది. మా అక్క మనవరాలు కో-పైలట్. ఆ అమ్మాయి చదువుకోసం మా అక్కావాళ్ళు నగరిలో ఉన్న ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టారు. ఉద్యోగం వచ్చిన నాడు వీధి అంతా లడ్డూలు పంచారు. మొన్న సంక్రాంతి వెళ్ళిన మరునాడు రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, “తాతయ్యా, కంపెనీ కొత్త కాగితం ఇచ్చింది. గంటలు తగ్గిస్తామంటున్నారు, అలవెన్సు కొంత తీసేస్తామంటున్నారు. సంతకం పెడితే కొత్త విమానాలు వస్తాయట, అందరికీ ప్రమోషన్లట. పెట్టకపోతే ఆ విమానాలు వేరే ఊరికి పోతాయట. ఏం చెయ్యమంటారు?” అని అడిగింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు.

విమానం నడిపేవారికి లక్షల జీతాలు, వాళ్ళకేం తక్కువ అని మీలో కొందరికి తోచవచ్చు. నాకూ అట్లాగే తోచేది. ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. చదివితే నాకు కనిపించినది విమానం కాదు, మా నాన్నగారి మగ్గం.

ఎట్లాగంటారా? వైమానికుడికి జీతంలో పెద్ద భాగం విమానం ఎగిరిన గంటలకు లెక్క కట్టి ఇస్తారు. విమానం తలుపు మూసి కదిలిన దగ్గరనుంచి, దిగి ఆగేదాకా గంట. అంతకుముందు వచ్చి వాతావరణం చూసుకోవడం, విమానం చుట్టూ తిరిగి పరీక్షించడం, మంచు కమ్మి మూడు గంటలు కుర్చీలో కూర్చోవడం, పరాయి ఊళ్ళో హోటలు గదిలో రాత్రి గడపడం, ఇవి చాల చోట్ల ఆ గంటల లెక్కలోకి రావు. ఇక్కడ నేతపని తెలిసినవారు చాలమంది ఉన్నారు. చీర దిగితేనే మజూరీ. పడుగు సవరించడానికి, అచ్చు అతకడానికి, కండెలు చుట్టడానికి ఎవరు కూలి ఇచ్చారు? అమ్మ చుట్టింది, అక్క చుట్టింది, నేను బడికి పోయేముందు చుట్టాను. చీర లెక్కలో మా పేర్లు లేవు. అందుకే వైమానికుల కాగితంలో అన్నిటికంటె ముఖ్యమైన మాట “కనీస గంటలు”. ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఇన్ని గంటల డబ్బు ఇస్తాము అనే హామీ అది. మా పిల్లకు అది 70 గంటలు. కొత్త కాగితంలో 55. గంట రేటు అట్లాగే ఉంచారు. చూసేవారికి జీతం తగ్గినట్లే కనిపించదు!

మా నాన్నగారి సంగతి చెప్పాలి. మాది ఏకాంబరకుప్పం. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది గదా, అంచేత మా సావుకారుకు రెండు రాష్ట్రాలలో మగ్గాలుండేవి. (మనలో ఎవరు వలస వచ్చారో, ఎవరి ఇంటి మీదుగా సరిహద్దు వలస పోయిందో తేల్చడం కష్టం. అది మరోసారి మాట్లాడుకొందాము.) ఆవల మేము, నగరి, పుత్తూరు. ఈవల పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యారుకుప్పం. ఒక ఏడు వానాకాలంలో సావుకారు వచ్చి, నూలు ధర పెరిగింది, చీరకు పావలా తగ్గించుకోండి, దీపావళిదాకానే అన్నాడు. పళ్ళిపట్టువాళ్ళు ఒప్పుకొన్నారు, మీరు ఒప్పుకోకపోతే నూలంతా అక్కడికి పంపిస్తాను అన్నాడు. మావాళ్ళు ఒప్పుకొన్నారు. తరువాత తెలిసింది, ఆ రోజు పొద్దున పళ్ళిపట్టులో మా పేరు చెప్పి ఇదే మాట అన్నాడని. దీపావళి వచ్చింది, మా వాకిట్లో టపాకాయ పేలలేదు. ఆ పావలా ఆరేళ్ళకు తిరిగి వచ్చింది. సావుకారుకు దయ పుట్టి కాదు. కుర్రవాళ్ళు మగ్గం వదలి ఆవడికీ అంబత్తూరుకూ ఫ్యాక్టరీ పనులకు పోయారు, నేసేవాడు దొరకలేదు, అంచేత వచ్చింది. అట్లా పోయినవారిలో నేనొకణ్ణి.

సరిగ్గా ఇదే కథ అమెరికాలో విమానాలతో జరిగింది. అక్కడ పెద్ద సంస్థలు చిన్న ఊళ్ళకు తమ పేరుమీదనే, తమ రంగుల విమానాలతోనే, వేరే చిన్న సంస్థలచేత సర్వీసులు నడిపిస్తాయి. టిక్కెట్టుమీద పెద్ద పేరు ఉంటుంది, కాక్‌పిట్‌లో కూర్చున్నవాడి జీతం చిన్న సంస్థది. అమెరికన్ ఎయిర్‌లైన్సుకు ఇట్లాంటివి సొంతానివే మూడు ఉన్నాయి: ఎన్వాయ్, పి.ఎస్.ఏ., పీడ్‌మాంట్. 2013లో పి.ఎస్.ఏ. వైమానికులు కొన్ని తగ్గింపులకు ఒప్పుకొన్నారు. వారికి 30 కొత్త విమానాలు వచ్చాయి. వెంటనే ఎన్వాయ్‌వారి దగ్గరకు వెళ్ళి, చూశారా, మీరూ తగ్గించుకోండి, లేకపోతే మీకు కొత్త విమానాలు రావు, ఉన్నవి కూడ తగ్గిపోతాయి అన్నారు. 2014 మార్చిలో ఓటు పెట్టుకొంటే పదింట ఏడుగురు వద్దన్నారు. అన్నట్టుగానే విమానాలు కొన్ని వేరే సంస్థకు పోయాయి. మరుసటి ఏడు ఎన్వాయ్‌వారు మరొక ఒప్పందానికి ఒప్పుకొన్నారు.

ఈ పద్ధతిని అక్కడివారు విప్‌సా అంటారు. కట్టెల అడితిలో మీరు చూసే ఉంటారు, ఇద్దరు చెరొక వైపు పట్టుకొని లాగే పెద్ద రంపం. వీడు లాగితే వాడివైపు కోత, వాడు లాగితే వీడివైపు కోత. తెగేది మధ్యనున్న దుంగ. ఇక్కడ ఆ దుంగ ఎవరో చెప్పనక్కరలేదు.

వద్దన్నవారు తెలివైనవారు, ఒప్పుకొన్నవారు మూర్ఖులు అని నేననడంలేదు. చూస్తే రెండువైపులా నష్టం ఉన్నది. నేను పట్టించుకొనేది ఒక్కటే, ఇచ్చినదానికి బదులు ఏమి రాయించుకొన్నారు అని. ఇరుగుపొరుగువాడికి పదివేలు చేబదులిస్తే నోటు రాయించుకొంటాము, తారీఖు వేయించుకొంటాము. జీతంలో తగ్గింపు కూడ అప్పే. ఉద్యోగి కంపెనీకి ఇచ్చే అప్పు. వడ్డీ లేదు సరే, అసలు ఎప్పుడిస్తారు అని అడగడానికి కూడ మనకు మొగమాటం!

పెద్ద అమెరికన్ సంస్థలోనే జరిగింది చెబుతాను వినండి. 2003 ఏప్రిల్‌లో సంస్థ దివాలా తీయబోతున్నదని చెబితే ఉద్యోగులందరూ కలిసి ఏడాదికి 160 కోట్ల డాలర్లకు పైగా వదులుకోవడానికి సిద్ధపడ్డారు. వైమానికుల జీతం 23 శాతం తగ్గింది. ఆ తరువాత ఒక సంగతి బయటపడింది. సంస్థ పైఅధికారులు తమకు మాత్రం పెద్ద బోనసులు ఏర్పాటు చేసుకొన్నారు. ఒకవేళ దివాలా తీసినా తమ పింఛనులు పోకుండా వేరే నిధిలో డబ్బు దాచుకొన్నారు. గోల పుట్టి ముఖ్యాధికారి రాజీనామా ఇచ్చాడు. తగ్గింపులు మాత్రం అమలులోకి వచ్చాయి. ఇంత చేసినా ఆ సంస్థ 2011 నవంబరు 29న దివాలా కోర్టుకు పోనే పోయింది. ఎనిమిదేళ్ళు తగ్గింపు జీతం తిన్నవారిని మళ్ళీ తగ్గించుకోమన్నారు.

ఆ సంస్థలోనే అంతకుముందు, 1983లో, మరొక ఎత్తు వేశారు. ఉన్నవారి జీతం ముట్టుకోము, ఇకమీద చేరేవారికి మాత్రం తక్కువ రేటు అన్నారు. ఇంతకంటె సులభమైన తగ్గింపు లేదు. ఓటు వేసేవాడికి నష్టం లేదు, నష్టపోయేవాడికి ఓటు లేదు, ఇంకా ఉద్యోగంలోనే చేరలేదు గదా! ఇది తలచుకొంటే నాకు సిగ్గువేస్తుంది. మా ఫ్యాక్టరీలో ఇట్లాంటి కాగితంమీద నేను కూడ సంతకం పెట్టాను. కొత్తగా చేరిన కుర్రవాడు ఒకడు క్యాంటీనులో నా ఎదురుగా కూర్చొని, “అన్నా, మీరూ నేనూ ఒకే మిషనుమీద పనిచేస్తున్నాం, మీకెంత, నాకెంత?” అని అడిగాడు. నేను టీ చల్లారిపోతున్నదని చెప్పి లేచి వచ్చాను.

తక్కువ జీతం ఎంతదాకా పోయిందో చూడండి. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్కు రాష్ట్రంలో బఫలో దగ్గర ఒక చిన్న సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్‌కు ఇరవైనాలుగేళ్ళు. ఏడాదికి సుమారు 16 వేల డాలర్ల జీతం. ఆ దేశంలో అది హోటలులో పనిచేసేవారి స్థాయి. పనిచేసే ఊళ్ళో గది తీసుకొని ఉండక, దేశానికి ఆ చివర తల్లిదండ్రుల ఇంట ఉంటూ, రాత్రంతా విమానాలు మారి వచ్చి డ్యూటీ ఎక్కేది. ఆ రోజు కూడ అట్లాగే వచ్చింది. న్యాయంగా చెప్పాలి: జీతం తక్కువైనందువల్ల విమానం కూలిందని విచారణ సంఘం అనలేదు. ప్రమాద సూచన వచ్చినప్పుడు కెప్టెన్ చెయ్యరాని పని చేశాడని అన్నది. ఇద్దరికీ అలసట ఉండి ఉంటుందనీ, దాని పాలు ఎంతో తేల్చలేమనీ అన్నది. అయినా ఆ విచారణలో ఆ జీతం అంకె చదివిన తరువాతనే అమెరికా జనానికి చిన్న విమానాలలో తమ పిల్లలను ఎవరి చేతిలో పెడుతున్నారో తెలిసింది. చనిపోయినవారి కుటుంబాలు పట్టుపట్టి 2010లో చట్టం తెప్పించారు. 2013నుంచి కో-పైలట్‌కు కూడ సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండి తీరాలన్నారు.

అంత అనుభవం సంపాదించి, పాతిక డాలర్ల ప్రాంతపు గంట కూలికి ఎవరు వస్తారు? క్రమంగా మనుషులు కరువయ్యారు. కరోనా వచ్చినప్పుడు పెద్ద సంస్థలు పెద్దవాళ్ళను ముందుగానే ఇళ్ళకు పంపించాయి. ప్రయాణాలు మళ్ళీ మొదలయ్యేసరికి నడిపేవాడు లేడు. 2022 జూన్‌లో, ఇందాక చెప్పిన ఆ మూడు చిన్న సంస్థలలోనే, కొత్త కో-పైలట్‌కు గంటకు 90 డాలర్లు చేశారు. దానిమీద కొంతకాలం సగానికి సగం అదనం కూడ. తగ్గించుకొంటేగాని బతకలేమన్న సంస్థలే ఇవి. మా పావలా ఎట్లా వచ్చిందో ఈ డాలర్లూ అట్లాగే వచ్చాయి.

మన దేశం సంగతి. 2018 ఆగస్టులో జెట్ ఎయిర్‌వేస్ తన వైమానికులను పాతిక శాతందాకా తగ్గించుకోమన్నది, వారు కుదరదన్నారు. కొద్ది నెలలకు జీతాలే ఆగిపోయాయి, 2019 ఏప్రిల్ 17న చివరి విమానం దిగింది. ఒప్పుకొని ఉంటే సంస్థ నిలిచేదా? నా మట్టుకు నాకు నమ్మకం లేదు, అప్పులు అంతకంటె పెద్దవి. ఆ సంస్థను అమ్మి బాకీలు తీర్చమని సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆజ్ఞ ఇచ్చింది. మన తెలుగుగడ్డనుంచి లేచిన ట్రూజెట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2015 జూలైలో హైదరాబాదునుంచి మొదలై, చెన్నైనుంచి కడపకూ సేలానికీ కూడ నడిచింది. మా బావగారు సరదాకు కడప వెళ్ళి వచ్చారు. 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. చిన్న సంస్థకు ఇచ్చిన అప్పుకు ఈ ప్రమాదం ఒకటి ఉన్నది: నోటు ఉన్నా బాకీదారు ఉండకపోవచ్చు.

పెద్ద సంస్థ అయితే? ఇండిగో కరోనాలో వైమానికుల జీతం 30 శాతందాకా కోసింది. 2022 ఏప్రిల్‌లో 8 శాతం పెంచామన్నది. గుమాస్తాను గనుక లెక్క వేసి చూపిస్తాను. వందలో ముప్పై పోతే డెబ్బై. డెబ్బైమీద ఎనిమిది శాతం అయిదు రూపాయల అరవై పైసలు. మొత్తం డెబ్బైఅయిదు రూపాయల అరవై పైసలు. తగ్గించేటప్పుడు శాతం వందమీద, పెంచేటప్పుడు డెబ్బైమీద! సమ్మె తలపెట్టారని అదే నెలలో కొందరిని సస్పెండు చేశారు. ఆ ఏడాదిలోనే తరువాత మరికొంత పెంచారు, అది కూడ చెప్పాలి.

మొన్న 2025 డిసెంబరు మొదటివారంలో చెన్నై విమానాశ్రయంలో చిక్కుకొని పెళ్ళికి అందనివారు మనలోనే ఉన్నారు. 5వ తేదీ ఒక్కరోజే దేశంలో వెయ్యికి పైగా ఇండిగో సర్వీసులు రద్దయ్యాయి. వైమానికులకు వారానికి 36 గంటలకు బదులు 48 గంటలు విశ్రాంతి ఉండాలనీ, రాత్రివేళ వారు విమానం దింపడం ఆరునుంచి రెండుకు తగ్గాలనీ నియమాలు వచ్చాయి. సంస్థ దానికి తగినంతమందిని సిద్ధం చేసుకోలేదు. అప్పుడు ప్రభుత్వం ఏమి చేసింది? కొన్ని నియమాలనుంచి ఆ సంస్థకు ఫిబ్రవరి 10దాకా సడలింపు ఇచ్చింది. ప్రయాణికుల ఇబ్బంది తీర్చాలి, నిజమే. కాని ఆ సడలింపు ఎవరి నిద్రలోనుంచి తీసి ఇచ్చారో ఒకసారి ఆలోచించండి. అయినా ఒకటి మెచ్చుకోవాలి, దానికి తారీఖు వేశారు!

ఇక మా పిల్ల సంగతి. ఉద్యోగం వదిలేసి వచ్చెయ్యమని చెప్పలేను. ఇల్లు తాకట్టులో ఉన్నది. పైగా మన దేశంలో 2017 నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందుగా నోటీసు ఇవ్వాలి. రేపు పొద్దున మానేస్తాను అనడానికి అది కిరాణా కొట్టు కాదు. అంచేత మూడు సంగతులు అడగమన్నాను. 55 గంటలు ఎన్నాళ్ళు? ఆ తారీఖు కాగితంమీద ఉన్నదా? కొత్త విమానాలు రాకపోతే పాత 70 తనంతట తాను తిరిగి వస్తుందా, మళ్ళీ అడుక్కోవాలా? పై ఆఫీసర్ల జీతాలు కూడ తగ్గుతున్నాయా? ఇవి నాలుగయ్యాయి, క్షమించండి, లెక్కల గుమాస్తాను అయికూడ.

ఇంకొకటి చెప్పాను. అవతలి ఊళ్ళో ఉన్న మీ తోటివారికి నువ్వే ఫోను చెయ్యమ్మా, విమానాలు మీ ఊరికి పోతాయని నీకు చెప్పినట్టే, వాళ్ళకు ఏమి చెప్పారో కనుక్కో అన్నాను. మా నాన్నకు పళ్ళిపట్టు పద్నాలుగు కిలోమీటర్లో ఎంతో, సైకిలు ఉన్నది, వెళ్ళి అడగలేదు. ఆయన చనిపోయేదాకా ఆ మాట అనుకొంటూ ఉండేవారు.

అమ్మాయి ఆ రాత్రే ఫోను చేసింది. అవతలి ఊరివారికి వీళ్ళ ఊరి పేరు చెప్పారట.

తరువాత రెండు ఊళ్ళవారూ కలిసి పదకొండుమంది ఒకే ఉత్తరం రాశారు. తక్కినవారు భయపడ్డారు, వారిని తప్పుపట్టలేము. మూడు వారాలకు జవాబు వచ్చింది. గంటల తగ్గింపుకు వచ్చే మార్చి 31 అని తారీఖు వేశారు. అలవెన్సుకు వెయ్యలేదు. విమానాలు రాకపోతే ఏమిటన్న దానికి “యాజమాన్యం పరిశీలిస్తుంది” అని రాశారు. ఆఫీసర్ల జీతాల సంగతి ఊసే లేదు. మా పిల్ల సంతకం పెట్టింది. పెట్టేముందు నన్ను అడిగింది, నేను పెట్టమన్నాను. ఆ కాగితం నకలు ఒకటి మా అక్క ట్రంకుపెట్టెలో ఇంటి దస్తావేజు రసీదుతోపాటు ఉన్నది. మార్చి 31 తరువాత ఏప్రిల్ జీతం కాగితం రాగానే నాకు పంపమన్నాను.